వేరుశనగ మొక్క నిర్మాణం, విధులు – సాగు సిఫార్సులకు మూలాధారాలు

పుష్పించే మొక్కలన్నింటిలోనూ దేహ నిర్మాణం ప్రాథమికంగా ఒకే విధంగా ఉంటుంది. వేరు, కాండం, ఆకు అనే శాకీయ భాగాలు మొక్క జీవనాన్ని, పుష్పం, ఫలం, విత్తనం అనే ప్రత్యుత్పత్తి భాగాలు జాతి కొనసాగింపును నిర్వహిస్తాయి. అయితే ఈ సాధారణ నిర్మాణం ఒక్కొక్క పంటలో ఒక్కొక్క విధంగా మార్పు చెంది ఉంటుంది. ఆ మార్పును అర్థం చేసుకున్నప్పుడే ఆ పంటకు ఇచ్చే సాగు సిఫార్సులలోని అంతరార్థం బోధపడుతుంది. పూత భూమిపైన, కాయ భూమిలోపల ఏర్పడే వేరుశనగ ఇందుకు చక్కని ఉదాహరణ.

వేరుశనగ అనే పేరు వినగానే కాయలు వేర్లకు కాస్తాయనే భావం కలుగుతుంది. రాయలసీమలో శనక్కాయలుగా, బుడ్డలుగా, తెలంగాణలో పల్లీలుగా వ్యవహరించే ఈ పంట కాయలకు వాస్తవానికి వేరుతో సంబంధం లేదు. ఫలదీకరణ చెందిన పుష్పంలోని అండాశయమే నేలలోకి దిగి కాయగా మారుతుంది. 1753లో లినేయస్ ఈ మొక్కకు అరాకిస్ హైపోజియా అని నామకరణం చేశాడు. హైపోజియా అనగా భూమి లోపలిది అని అర్థం. దక్షిణ అమెరికాలో రెండు వన్యజాతుల సహజ సంకరణం వలన ఉద్భవించిన ఈ పంట చతుస్థితికం. దీని కణాలలో 40 క్రోమోజోములు ఉంటాయి.

తొలి పూత దశలో జిప్సం వేయడం, 45 రోజుల తర్వాత అంతరకృషి మానివేయడం, ఊడలు దిగే సమయంలో నేలపైపొరలో తేమ ఉండేటట్లు చూడడం వంటి సిఫార్సులు రైతులకు తరచుగా చెప్పబడుతున్నవే. వీటిని ఆచరించని రైతుకు ఆ సిఫార్సు ఎందుకు చేశారో తెలియకపోవడం ఒక ముఖ్య కారణం. ఈ వ్యాసంలో వేరుశనగ మొక్కలోని ఒక్కొక్క భాగపు నిర్మాణం, దాని విధి, ఆ విధిపై ఆధారపడిన యాజమాన్య పద్ధతి వరుసగా వివరించబడ్డాయి.

విత్తనం – మొలక

వేరుశనగ విత్తనం ద్విదళ బీజం. పలుచని బీజకవచం లోపల కండకలిగిన రెండు బీజదళాలు, వాటి మధ్య పిండాక్షం ఉంటాయి. పిండాక్షంలో కిందివైపు ప్రథమ మూలం, పైవైపు ప్రథమ కాండం ఉంటాయి. విత్తనం ఏర్పడే దశలోనే అంకురచ్ఛదం పూర్తిగా వినియోగమై ఆహారమంతా బీజదళాలలోకి చేరుతుంది. అందువలన ఇది అంకురచ్ఛద రహిత విత్తనం. గింజలో నూనె 45 నుండి 50 శాతం వరకు, మాంసకృత్తులు సుమారు 25 శాతం ఉంటాయి. మొలకెత్తిన తొలి రోజులలో మొక్కకు కావలసిన శక్తి, నత్రజని ఈ నిల్వల నుండే లభిస్తాయి.

ప్రథమ మూలం బీజదళాల అంచు నుండి కొద్దిగా బయటకు పొడుచుకుని ఉండడం, బీజకవచం మిక్కిలి పలుచగా ఉండడం ఈ విత్తనానికి సహజమైన బలహీనతలు. కాయ కొట్టే సమయంలో ఒత్తిడి ఎక్కువైతే గింజ చూడడానికి బాగానే కనిపించినా మొన దెబ్బతిని మొలకశక్తిని కోల్పోతుంది. విత్తనాన్ని కాయ రూపంలో నిల్వచేసి విత్తడానికి కొద్ది రోజుల ముందు మాత్రమే గింజను వేరుచేయాలనడానికి ఇదే కారణం.

మొలకెత్తే విధానంలోనూ వేరుశనగకు ఒక ప్రత్యేకత ఉంది. చిక్కుడులో బీజదళాలు నేల పైకి వస్తాయి. శనగలో నేలలోనే ఉండిపోతాయి. వేరుశనగలో బీజదళాల కింది కాండభాగం సాగి బీజదళాలను నేల ఉపరితలం వరకు తెచ్చి ఆగిపోతుంది. అంటే ఇది రెండు పద్ధతులకూ మధ్యస్థమైనది. విత్తనం సుమారు 5 సెం.మీ. లోతులో పడినప్పుడు ఈ భాగం పొట్టిగా, దృఢంగా ఉంటుంది. ఎక్కువ లోతులో పడితే అది అవసరానికి మించి సాగి బలహీనమవుతుంది. ఈ లేత భాగాన్నే మొదలు కుళ్ళు కలిగించే ఆస్పర్జిల్లస్ నైజర్ శిలీంధ్రం ఆశిస్తుంది. విత్తనశుద్ధి, సరైన లోతులో విత్తడం అనే రెండు సిఫార్సులూ మొక్కలోని ఈ ఒక్క భాగాన్ని కాపాడడానికే.

వేరు వ్యవస్థ

వేరుశనగలో తల్లివేరు వ్యవస్థ ఉంటుంది. ప్రథమ మూలం నుండి ఏర్పడిన తల్లివేరు అనువైన నేలలో ఒక మీటరు లోతును మించి చొచ్చుకొనిపోగలదు. పార్శ్వపు వేర్లు మాత్రం ఎక్కువగా పైపొరలలోనే వ్యాపిస్తాయి. వర్షాభావ పరిస్థితులలో మొక్క కొంతకాలం తట్టుకొని నిలబడడానికి లోతు నుండి నీటిని గ్రహించగల తల్లివేరే ఆధారం.

లెగ్యూమ్ జాతి మొక్కలలో చాలావాటిలో రైజోబియం బ్యాక్టీరియా మూలకేశాల ద్వారా వేరులోకి ప్రవేశిస్తుంది. వేరుశనగలో సాధారణ మూలకేశాలు వేరు పొడవునా ఉండవు. పార్శ్వపు వేర్లు పుట్టే చోట మాత్రమే కుచ్చులుగా కనిపిస్తాయి. పార్శ్వపు వేరు వెలుపలికి వచ్చే సమయంలో ఏర్పడే సన్నని చీలిక గుండా బ్యాక్టీరియా లోపలికి చేరుతుంది. అందువలననే వేరు బుడిపెలు పార్శ్వపు వేర్ల మొదళ్ళ వద్ద గుండ్రంగా ఏర్పడతాయి. చురుకుగా పనిచేసే బుడిపెను కోసి చూస్తే లోపల గులాబీ లేదా ఎరుపు రంగు కనిపిస్తుంది. ఈ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ వలన కలుగుతుంది. నత్రజని స్థాపన జరిపే ఎంజైమును ఆమ్లజని ప్రభావం నుండి కాపాడడం, బ్యాక్టీరియా శ్వాసక్రియకు అవసరమైనంత ఆమ్లజనిని అందించడం దీని విధి. లోపల ఆకుపచ్చగా లేదా బూడిద రంగులో ఉన్న బుడిపె పనిచేయడం లేదని గ్రహించాలి.

బుడిపెలు ఏర్పడి పూర్తిస్థాయిలో పనిచేయడానికి మూడు నుండి నాలుగు వారాలు పడుతుంది. ఆలోపు బీజదళాలలోని నిల్వ తరిగిపోతుంది. ఈ మధ్యకాలపు అవసరం తీర్చడానికే హెక్టారుకు సుమారు 20 కిలోల నత్రజనిని ఆరంభ మోతాదుగా సిఫార్సు చేస్తారు. అంతకు మించి నత్రజని వేసినప్పుడు మొక్క బుడిపెలపై ఆధారపడడం తగ్గి శాకీయ పెరుగుదల మాత్రమే ఎక్కువవుతుంది. వేరుపురుగు ఆశించిన పొలంలో మొక్కలు వడలిపోవడానికి కారణం తల్లివేరు తెగిపోవడమే. లోతు నుండి నీరందించే మార్గం తెగిన మొక్కకు పైపొరలోని తేమ చాలదు.

కాండం – కొమ్మలు

ప్రథమ కాండం నుండి ప్రధాన కాండం ఏర్పడుతుంది. బీజదళాల గ్రీవాల నుండి ఎదురెదురుగా రెండు కొమ్మలు వస్తాయి. నేలకు అతి దగ్గరగా ఉండే ఈ రెండు కొమ్మలు, వాటి కింది కణుపులే దిగుబడికి ప్రధానాధారం. పై కణుపుల వద్ద పూసిన పూల నుండి వచ్చే ఊడలు నేలను చేరడానికి దూరం ఎక్కువ కావడమే దీనికి కారణం. తొలి దశలో కలుపు వలన గాని, పురుగుల వలన గాని ఈ కొమ్మలు దెబ్బతింటే తర్వాత వచ్చే కొమ్మలు ఆ నష్టాన్ని పూర్తిగా పూరించలేవు.

కొమ్మల అమరికను బట్టి సాగులోని వేరుశనగను రెండు ఉపజాతులుగా విభజించారు. మొదటిదైన హైపోజియా ఉపజాతిలో ప్రధాన కాండంపై పూలు పూయవు. కొమ్మలపై శాకీయ కణుపులు, పుష్పించే కణుపులు జతలు జతలుగా ఒకదాని తర్వాత మరొకటి వస్తాయి. వర్జీనియా తరగతికి చెందిన తీగ, అర్ధ తీగ రకాలు ఈ కోవలోనివి. రెండవదైన ఫాస్టిజియేటా ఉపజాతిలో ప్రధాన కాండంపై కూడా పూలు పూస్తాయి; కొమ్మలపై పుష్పించే కణుపులు వరుసగా వస్తాయి. స్పానిష్, వాలెన్షియా తరగతులకు చెందిన గుత్తి రకాలు ఇందులోనివి. టి.ఎం.వి.–2, కదిరి–6 వంటి మన ప్రాంతపు రకాలు స్పానిష్ గుత్తి తరగతికి చెందుతాయి. గుత్తి రకాలలో పూత త్వరగా వచ్చి, కాయలు మొదలు చుట్టూ గుంపుగా ఏర్పడి, పంట ఒకేసారి పక్వానికి వస్తుంది.

కాండపు చివర ఉండే విభాజ్య కణజాలం మొక్క పెరుగుదలకు కేంద్రం. తామరపురుగుల ద్వారా వ్యాపించే మొవ్వు కుళ్ళు వైరస్ ఈ మొవ్వునే చంపివేస్తుంది. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో విజృంభించిన కాండపు కుళ్ళు వైరస్ తెగులుకు టొబాకో స్ట్రీక్ వైరస్ కారణమని గుర్తించారు. పొలం గట్లపై పెరిగే వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడిలో ఈ వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడి తామరపురుగుల ద్వారా వేరుశనగ ఆకులపై చేరి, అవి గీరిన గాయాల గుండా వైరస్ మొక్కలోకి ప్రవేశిస్తుంది. వయ్యారిభామను పూతకు రాకముందే పీకివేయాలనడంలోని ఆంతర్యం ఇదే. పూసిన తర్వాత పీకితే ప్రయోజనం తగ్గిపోతుంది.

ఆకు

వేరుశనగ ఆకు పిచ్ఛాకార సంయుక్త పత్రం. ఒక్కొక్క ఆకులో రెండు జతల పత్రకాలు ఎదురెదురుగా ఉంటాయి. ఆకు తొడిమ మొదట, పత్రకాల మొదళ్ళ వద్ద ఉబ్బెత్తుగా ఉండే పల్వైనస్ అనే భాగం ఉంటుంది. ఇందులోని కణాల నీటి పీడనంలో వచ్చే మార్పుల వలన చీకటి పడగానే పత్రకాలు జతలు జతలుగా ముడుచుకొని, ఉదయం తిరిగి విచ్చుకుంటాయి. పగటివేళ నీటి ఎద్దడి ఏర్పడినప్పుడు కూడా పత్రకాలు దగ్గరకు ముడుచుకొని ఎండ తగిలే వైశాల్యాన్ని తగ్గిస్తాయి. పొలంలో మధ్యాహ్నం ఆకులు ముడుచుకొని సాయంత్రానికి కోలుకుంటుంటే ఎద్దడి ఆరంభమైందని, ఉదయం వేళ కూడా కోలుకోకపోతే ఎద్దడి తీవ్రమైందని అంచనా వేయవచ్చు.

ఆకు రెండు వైపులా పత్రరంధ్రాలు ఉంటాయి. కింది బాహ్యచర్మానికి పైన హరితరహితమైన పెద్ద కణాలు ఒక పొరగా అమరి నీటిని నిల్వ ఉంచుతాయి. పొడి వాతావరణాన్ని కొంతవరకు తట్టుకొనే శక్తి ఈ పొర వలన కలుగుతుంది.

కిరణజన్య సంయోగక్రియలో తయారైన ఆహారం పోషక కణజాలం ద్వారా కొమ్మలకు, ఊడలకు, కాయలకు చేరుతుంది. కాయలు ఊరే దశలో తిక్కా ఆకుమచ్చ తెగులు వలన ఆకులు రాలిపోతే గింజలోకి చేరవలసిన నూనె, మాంసకృత్తులు తగ్గిపోవడమే గాక ఊడలు కూడా బలహీనమవుతాయి. అలాంటి పొలంలో పీకేటప్పుడు కాయలు తెగి నేలలోనే ఉండిపోతాయి. అంటే ఆకు నష్టం రెండు విధాలుగా కాయ నష్టంగా పరిణమిస్తుంది.

పుష్పం

గుత్తి రకాలలో విత్తిన 25 నుండి 30 రోజులకు పూత మొదలవుతుంది. ఆకుల గ్రీవాలలో పొట్టి పుష్పగుచ్ఛాలు ఏర్పడతాయి. ఒక్కొక్క గుచ్ఛంలో కొన్ని మొగ్గలు ఉన్నప్పటికీ సాధారణంగా రోజుకు ఒక్కటే విచ్చుకుంటుంది.

పసుపు రంగు పువ్వు పొడవైన కాడ చివర ఉన్నట్లు కనిపిస్తుంది. కాని అది కాడ కాదు. రక్షక, ఆకర్షణ పత్రాల, కేసరాల మొదళ్ళు కలిసి ఏర్పడిన సన్నని గొట్టం అది. దీనిని హైపాంథియం అంటారు. అండాశయం ఈ గొట్టం అడుగున, గ్రీవంలో దాగి ఉంటుంది. అక్కడి నుండి సన్నని కీలం గొట్టం పొడవునా సాగి పైన కీలాగ్రంతో అంతమవుతుంది. విద్యార్థులు పువ్వును గొట్టం మధ్యలో తుంచి పరిశీలిస్తే అండాశయం కనిపించకపోవడానికి కారణం ఇదే. గొట్టం మొదలు వరకు జాగ్రత్తగా విప్పినప్పుడే అది కనిపిస్తుంది.

రక్షక పత్రాలు అయిదు. వాటిలో నాలుగు కలిసి ఒకవైపు, ఒకటి విడిగా మరొకవైపు ఉంటాయి. ఆకర్షణ పత్రాలు లెగ్యూమ్ కుటుంబానికి సహజమైన సీతాకోకచిలుక ఆకారంలో ఉంటాయి. వెనుక విశాలమైన ధ్వజం, ఇరుప్రక్కల రెండు బాహువులు, లోపల పడవ ఆకారంలోని ద్రోణి ఉంటాయి. కేసరాలు పది, అడుగున అన్నీ కలిసి ఏకబంధకంగా ఉంటాయి. సాధారణంగా వీటిలో ఎనిమిదింటికి మాత్రమే పరాగకోశాలు ఉంటాయి. మిగిలిన రెండూ వంధ్యాలు. పరాగకోశాలలో నాలుగు పొడవుగా, నాలుగు గుండ్రంగా ఉంటాయి. అండకోశం ఒకే ఫలదళంతో ఏర్పడుతుంది. అండాశయంలో అండాల సంఖ్య రకాన్ని బట్టి మారుతుంది. స్పానిష్ రకాలలో సాధారణంగా రెండు, వాలెన్షియా రకాలలో మూడు లేదా నాలుగు ఉంటాయి. కాయలో గింజల సంఖ్య ఎంత వరకు ఉండగలదనేది ఇక్కడే నిర్ణయమవుతుంది.

పరాగసంపర్కం – ఫలదీకరణ

మొగ్గ విచ్చుకోవడానికి ముందురోజు సాయంత్రం వరకు పొట్టిగా ఉండి, రాత్రి వేళ హైపాంథియం వేగంగా సాగడంతో తెల్లవారేసరికి పూర్తి పొడవుకు చేరుతుంది. సూర్యోదయ సమయంలో పువ్వు విచ్చుకుంటుంది. అంతకు ముందే, ద్రోణి మూసి ఉండగానే, పరాగకోశాలు పగిలి పరాగం కీలాగ్రంపై పడుతుంది. అందువలన ఇది ప్రధానంగా స్వపరాగ సంపర్కం జరిపే పంట. తేనెటీగలు పూలపై వాలి ద్రోణిని కదిలించినప్పుడు కొద్ది శాతం మాత్రమే పరపరాగ సంపర్కం జరగవచ్చు.

ఈ సమయ క్రమం తెలియకుండా వేరుశనగలో సంకరణ పని సాధ్యం కాదు. తల్లి మొక్కగా ఎంచుకున్న మొగ్గలో కేసరాలను ముందురోజు సాయంత్రమే తొలగించి, మరునాటి ఉదయం కీలాగ్రంపై ఎంచుకున్న తండ్రి పరాగాన్ని చేర్చాలి. ఉదయం వరకు ఆగి కేసరాలను తొలగిస్తే అప్పటికే స్వపరాగ సంపర్కం జరిగి ఉంటుంది.

కీలాగ్రంపై మొలకెత్తిన పరాగనాళం కీలం పొడవునా దిగి అండాశయాన్ని చేరుతుంది. పరాగనాళంలోని రెండు పురుష బీజకణాలలో ఒకటి స్త్రీబీజకణంతో కలిసి సంయుక్త బీజాన్ని, రెండవది ధ్రువకేంద్రకాలతో కలిసి అంకురచ్ఛదాన్ని ఏర్పరుస్తుంది. పుష్పించే మొక్కలన్నింటికీ ప్రత్యేక లక్షణమైన ఈ ద్విఫలదీకరణను 1898లో నవాషిన్ గుర్తించాడు. వేరుశనగలో ఈ ప్రక్రియ పువ్వు పూసిన రోజే పూర్తవుతుంది. ఎండ ముదిరేసరికి పువ్వు వాడిపోతుంది. పూత దశలో ఉష్ణోగ్రతలు 35 డిగ్రీల సెంటీగ్రేడును మించితే పరాగరేణువుల జీవశక్తి తగ్గి ఫలదీకరణ దెబ్బతింటుంది. రబీ, వేసవి పంటను సకాలంలో విత్తాలనడానికి ఇది ఒక కారణం.

ఊడ

ఇతర మొక్కలలో ఫలదీకరణ జరిగిన వెంటనే అండాశయం ఉన్నచోటనే ఫలంగా మారుతుంది. వేరుశనగలో ఆ పని వాయిదా పడుతుంది. అండాశయం మొదట ఉన్న మధ్యస్థ విభాజ్య కణజాలం చురుకై, వేగంగా విభజన చెంది, అండాశయాన్ని తన కొనపై మోస్తూ ముందుకు సాగుతుంది. ఈ విధంగా ఏర్పడినదే ఊడ. ఫలదీకరణ జరిగిన సుమారు వారం రోజులకు ఇది కంటికి కనిపిస్తుంది. పిండం కొద్ది కణాల దశకు చేరి అక్కడే పెరుగుదల నిలిపివేస్తుంది. నేలలోని చీకటిని చేరిన తర్వాతనే దాని పెరుగుదల తిరిగి మొదలవుతుంది.

మర్రి చెట్టు నుండి దిగే వాటిని, వేరుశనగలో దిగే వాటిని తెలుగులో ఊడలు అనే పిలుస్తారు. పైనుండి నేలకు దిగడం అనే పోలికను బట్టి ఈ పేరు సముచితమే. కాని నిర్మాణంలో రెండింటికీ భేదం ఉంది. మర్రి ఊడ నిజమైన అబ్బురపు వేరు. వేరుశనగ ఊడ పుష్పభాగం; దాని అంతర్నిర్మాణంలో నాళికాపుంజాల అమరిక కాండాన్ని పోలి ఉంటుంది. నిర్మాణంలో కాండం వంటిదైనా ప్రవర్తనలో వేరు వలె భూమ్యాకర్షణ దిశగా పెరుగుతుంది. కొన భాగంలోని కణాలు గట్టిపడి టోపీ వలె ఏర్పడి, నేలలోకి చొచ్చుకుపోయేటప్పుడు లోపలి అండాలను కాపాడుతాయి.

ఊడ నేలలో సుమారు 5 సెం.మీ. లోతుకు చేరిన తర్వాత కొన అడ్డంగా తిరిగి కాయగా ఊరడం మొదలుపెడుతుంది. చీకటి, తేమ, మట్టి స్పర్శ ఈ మార్పుకు తోడ్పడతాయి. నేలను చేరలేని ఊడ కొంతకాలం పెరిగి ఎండిపోతుంది. నేలకు 15 సెం.మీ. కంటే ఎత్తులో పుట్టిన ఊడలలో అధికభాగం ఈ విధంగానే వృథా అవుతాయి. పూసిన పూలలో దాదాపు ఐదవ వంతు లేదా అంతకంటే తక్కువ మాత్రమే పక్వమైన కాయలుగా మారతాయి. పూత మొదలైన తొలి రెండు మూడు వారాలలో వచ్చిన పూలే దిగుబడిలో అధికభాగాన్ని ఇస్తాయి. ఆలస్యంగా పూసిన పూలకు ఊడ దిగి కాయ ముదరడానికి తగిన వ్యవధి ఉండదు. కావున పొలం నిండా పూత ఉన్నంత మాత్రాన దిగుబడి ఖాయమని భావించరాదు.

ఊడ నిర్మాణం నుండి మూడు యాజమాన్య సూత్రాలు వెలువడతాయి. మొదటిది, ఊడలు దిగే నాటికి నేలపైపొర గుల్లగా ఉండాలి. ఎర్రనేలలలో వర్షం తర్వాత ఏర్పడే గట్టి పొరను ఊడ కొన ఛేదించలేదు. రెండవది, కలుపుతీత, అంతరకృషి, మట్టి ఎగదోయడం 45 రోజులలోపు ముగించాలి. ఆ తర్వాత గొర్రు గాని, గుంటక గాని నడిపితే నేలలోకి దిగిన ఊడలు తెగిపోతాయి. తెగిన ఊడ తిరిగి అతకదు; ఆ కాయ పోయినట్లే. మూడవది, ఈ దశలో వర్షం లేకపోతే అవకాశమున్న చోట ఒక రక్షక తడి ఇవ్వాలి.

కాయ – కాల్షియం

నేలలోకి చేరిన కాయలో మొదట డొల్ల, తర్వాత గింజ పెరుగుతాయి. ఈ దశలో కాయకు అవసరమైన పోషకాలలో చాలావరకు తల్లి మొక్క నుండి ఊడ ద్వారా చేరుతాయి. ముఖ్యమైన మినహాయింపు కాల్షియం.

కాల్షియం మొక్కలో దారువు ద్వారా, నీటితోపాటు పైకి ప్రవహిస్తుంది. బాష్పోత్సేకం ఎక్కడ ఎక్కువగా జరుగుతుందో అక్కడికే నీరు, దానితోపాటు కాల్షియం చేరతాయి. అందువలన వేరు గ్రహించిన కాల్షియంలో అధికభాగం ఆకులలోకి వెళుతుంది. ఒకసారి ఆకును చేరిన కాల్షియం పోషక కణజాలం ద్వారా కిందికి తిరిగి రావడం దాదాపుగా జరగదు. ఊడ గాలిలో ఉన్నంతవరకు దాని నుండి కొంత బాష్పోత్సేకం జరుగుతుంది. నేలలోకి దిగిన తర్వాత అది ఆగిపోతుంది. దానితో దారువు ద్వారా కాల్షియం అందడం కూడా నిలిచిపోతుంది. ఇక కాయ తనకు కావలసిన కాల్షియాన్ని డొల్ల ఉపరితలం గుండా చుట్టూ ఉన్న మట్టి నుండి నేరుగా గ్రహించవలసిందే. బ్లెడ్సో, కోమార్, హారిస్ అనే శాస్త్రజ్ఞులు రేడియోధార్మిక కాల్షియంతో జరిపి 1949లో ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయాన్ని స్పష్టపరిచాయి.

మొక్క ఆకులలో కాల్షియం పుష్కలంగా ఉన్నప్పటికీ కాయలు దాని లోపంతో తాలుపోవడం ఇందువలననే సంభవిస్తుంది. డొల్ల పూర్తి పరిమాణంలో ఉండి లోపల గింజ లేకపోవడం, ఉన్న గింజలో ప్రథమ కాండం నల్లబడడం, విత్తన మొలకశక్తి తగ్గడం కాల్షియం లోప లక్షణాలు. పెద్ద కాయ రకాలలో కాయ ఘనపరిమాణంతో పోల్చినప్పుడు గ్రహించే ఉపరితలం తక్కువ. కావున వాటికి మట్టిలో కాల్షియం మరింత ఎక్కువగా ఉండాలి.

జిప్సం సిఫార్సుకు ఇదే ఆధారం. శుద్ధమైన జిప్సంలో సుమారు 23 శాతం కాల్షియం, 18 శాతం గంధకం ఉంటాయి. ఎకరాకు 200 కిలోల జిప్సంను తొలి పూత దశలో మొక్కల మొదళ్ళకు దగ్గరగా చాళ్ళలో వేసి మట్టిని ఎగదోయాలి. కాయలు ఏర్పడే పైపొరలో, కాయలు ఏర్పడే సమయానికి, కరిగే రూపంలో కాల్షియం ఉండాలనేదే ఇందులోని ఉద్దేశం. ఆకులపై కాల్షియం పిచికారీ చేయడం వలన ఈ ప్రయోజనం నెరవేరదు; ఆకును చేరిన కాల్షియం కాయను చేరదు. కాయలు ఊరే పొరలో పొటాషియం, మెగ్నీషియం అధికమైతే అవి కాల్షియం గ్రహణానికి పోటీగా నిలుస్తాయి. అందుచేత పొటాష్ ఎరువును ఆఖరి దుక్కిలోనే వేయాలి. ఊడలు దిగే దశలో పైపాటుగా వేయరాదు.

నేలలో ఉన్న కాల్షియం కాయను చేరడానికి తేమ అవసరం. ఇక్కడ మరొక అంశాన్ని గమనించాలి. తల్లివేరు లోతైన పొరల నుండి నీటిని అందిస్తున్నంత కాలం మొక్క పచ్చగానే ఉంటుంది. అదే సమయంలో పైన 5 నుండి 8 సెం.మీ. మట్టి పూర్తిగా ఎండిపోయి ఉండవచ్చు. అప్పుడు పైరు చూపుకు ఆరోగ్యంగా ఉన్నా ఊడలు దిగవు, దిగినవి ఊరవు, ఊరినవి తాలుపోతాయి. వర్షపాతం తక్కువగా ఉండే అనంతపురం ప్రాంతంలో ఆకు పచ్చగా ఉండి కూడా కాయ రాలేదని రైతులు చెప్పే అనుభవానికి శాస్త్రీయ కారణం ఇదే. వేరు ఉండే పొర, కాయ ఉండే పొర వేర్వేరు. రెండింటికీ తేమ కావాలి.

పక్వత – కోత

కాయ ముదిరే కొద్దీ డొల్ల లోపలి తెల్లని మెత్తటి కణజాలం కుంచించుకుపోయి, లోపలి గోడ గోధుమ రంగుకు, తర్వాత నలుపు రంగుకు మారుతుంది. 70 నుండి 80 శాతం కాయలలో ఈ మార్పు కనిపించినప్పుడు పంటను పీకవచ్చు. ముందుగా పీకితే గింజలు ముడతపడి నూనె శాతం తగ్గుతుంది. ఆలస్యం చేస్తే ఊడలు బలహీనపడి కాయలు నేలలోనే మిగిలిపోతాయి. స్పానిష్ గుత్తి రకాల విత్తనాలకు సుప్తావస్థ సాధారణంగా ఉండదు. పక్వదశలో వర్షం పడితే గింజలు నేలలోనే మొలకెత్తుతాయి. వర్జీనియా రకాలలో సుప్తావస్థ ఉండడం వలన ఈ ప్రమాదం తక్కువ.

నేలలో పెరగడం వలన కాయకు మరొక ముప్పు కూడా ఉంది. డొల్ల నిరంతరం నేలలోని శిలీంధ్రాల స్పర్శలో ఉంటుంది. పంట చివరి దశలో బెట్ట ఏర్పడి నేల వేడెక్కినప్పుడు, లేదా పురుగుల వలన గాని, పనిముట్ల వలన గాని డొల్లకు గాయమైనప్పుడు ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ శిలీంధ్రం గింజను చేరి అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థాన్ని ఉత్పత్తి చేస్తుంది. పీకిన కాయలను త్వరగా ఆరబెట్టి గింజలో తేమ 8 నుండి 9 శాతానికి తగ్గించాలి. దెబ్బతిన్న, ముడతపడిన కాయలను వేరుచేయాలి.

క్షేత్రస్థాయిలో అన్వయం

మొక్క నిర్మాణ జ్ఞానం తరగతి గదికే పరిమితం కాకుండా పొలంలో సమస్యను గుర్తించడానికి ఉపకరించాలి. విత్తిన 55 నుండి 65 రోజుల మధ్య పొలంలో వేర్వేరు చోట్ల కొన్ని మొక్కలను వేర్లతో సహా జాగ్రత్తగా తవ్వి తీసి, రైతు సమక్షంలో వరుసగా పరిశీలిస్తే చాలా విషయాలు తెలుస్తాయి.

పూత బాగా ఉండి ఊడలు తక్కువగా ఉంటే ఫలదీకరణ దశలో అధిక ఉష్ణోగ్రత గాని, బెట్ట గాని కారణమని ఊహించవచ్చు. ఊడలు పుష్కలంగా ఉండి నేలను తాకి ఆగిపోతే పైపొర గట్టిపడడం లేదా ఎండిపోవడం కారణం. ఊడలు నేలలోకి దిగిన తర్వాత తెగి ఉంటే ఆలస్యంగా జరిపిన అంతరకృషిని అనుమానించాలి. కాయలు ఏర్పడి లోపల గింజ లేకపోతే కాయ పొరలో కాల్షియం, తేమల లోపాన్ని పరిశీలించాలి. బుడిపెలు తక్కువగా ఉండి లోపల ఎరుపు లేకపోతే నత్రజని స్థాపన జరగడం లేదని తెలుసుకోవాలి. ఈ అయిదు పరిస్థితులలోనూ చివరి ఫలితం ఒక్కటే, తక్కువ దిగుబడి. కాని వాటి కారణాలు వేరు, నివారణలూ వేరు. అన్నింటికీ ఒకే మందు, ఒకే ఎరువు సూచిస్తే రైతుకు ఖర్చు మిగులుతుందే గాని ఫలితం ఉండదు.

ఈ పరిశీలనలో గుర్తించిన కొన్ని లోపాలను ఆ పంటకాలంలో సరిదిద్దడం సాధ్యం కాకపోవచ్చు. తెగిన ఊడను తిరిగి తేలేము; గడిచిపోయిన పూతను వెనుకకు రప్పించలేము. అయితే రైతు తన పొలంలోని మొక్కలోనే ఆ లోపాన్ని కంటితో చూసినప్పుడు, తదుపరి పంటలో 30వ రోజున జిప్సం ఎందుకు వేయాలో, 45వ రోజు తర్వాత గుంటక ఎందుకు ఆపాలో వేరుగా చెప్పవలసిన అవసరం ఉండదు. విస్తరణ శాస్త్రవేత్తలు సిఫార్సుతో పాటు దానికి ఆధారమైన మొక్క నిర్మాణాన్ని కూడా రైతుకు చూపించగలిగితే ఆ సిఫార్సు ఆచరణలోకి వచ్చే అవకాశం పెరుగుతుంది.